ఖాళీ అంగట్లో ఓనరమ్మ చెంబు

మా అంగడి ఓనరమ్మ చనిపోయిందని ఫోను వచ్చినప్పుడు నేను ఆదోనిలో అంగడి మెట్ల మీద కూర్చుని ఆమె కోసమే ఎదురుచూస్తున్నాను. చేతిలో కొబ్బరికాయ ఉంది. నా గోతాలు, తాళ్లు, టార్పాలిన్ పట్టలు అన్నీ రోడ్డు మీద ఉన్నాయి. షట్టరుకు ఆమె తాళం వేలాడుతోంది. తాళంచెవి ఎమ్మిగనూరులో ఆమె దగ్గర ఉంది. పొద్దున మొదటి బస్సుకు వచ్చి తీస్తానని చెప్పి ముందురోజు వెళ్లింది. బస్సు వచ్చింది, ఆమె రాలేదు. ఫోను వచ్చింది.

పెద్దమనిషి పోయిందంటే ఎవరికైనా ముందు బాధ కలుగుతుంది. నాకు ముందు కోపం వచ్చింది. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. ఏడాది పొడుగునా అంగడి నా చేతిలో ఉంటుంది. ఒక్క రాత్రి మాత్రం ఆమె చేతిలో ఉంటుంది. సరిగ్గా ఆ ఒక్క రాత్రి చూసుకుని పోయింది. బతికినన్నాళ్లు నన్ను విసిగించింది చాలదన్నట్టు, పోయేటప్పుడు కూడా విసిగించే పోయింది.

ఈ తాళం సంగతేమిటో ముందు చెప్పాలి. లేకపోతే చదివేవాళ్లు ముసలాయన ఏదో వాగుతున్నాడనుకుంటారు.

మా వైపు అంగడి అద్దెకిస్తే పదకొండు నెలలకే కాగితం రాసుకుంటారు. ఏడాదికి రాస్తే రిజిస్ట్రారాఫీసు చుట్టూ తిరగాలని అందరికీ ఒక భయం. అది నిజమో కాదో వకీళ్లకే తెలియాలి. పదకొండు నెలలు నిండగానే ఓనరూ, అద్దెకున్నవాడూ టీ తాగి ఇంకో కాగితం మీద సంతకాలు పెట్టుకుంటారు. అంగట్లో ఒక్క మూట కదలదు. కాగితంలో మాత్రం ఖాళీ చేసి అప్పజెప్పినానని, మళ్లీ కొత్తగా తీసుకున్నానని ఉంటుంది. అది అబద్ధమని ఇద్దరికీ తెలుసు. రాసినవాడికీ తెలుసు.

మా ఓనరమ్మకు ఆ అబద్ధం పనికిరాదు. ఆమెకు ఖాళీ అంటే నిజంగానే ఖాళీ. పదకొండు నెలలు నిండిన రోజు నేను హమాలీలను పెట్టి మూటలన్నీ బయటికి దించాలి. గది ఊడ్చాలి. నా తాళం తీసేయాలి. ఆమె ఎమ్మిగనూరు నుంచి బస్సులో వచ్చి, చెప్పులు మెట్టు కింద విడిచి, ఖాళీ గది నడిమధ్యన కూర్చుంటుంది. కొంగులో కట్టుకొచ్చిన జొన్నరొట్టె, చెనక్కాయల పొడి తీసి నిదానంగా తింటుంది. ఆమె తినేవరకు నేను గుమ్మం బయటే నిలబడాలి. నా అంగడి ముందర నేనే పరాయివాడినన్నమాట. తిన్నాక తను తెచ్చుకున్న ఇత్తడి చెంబు నిండా నీళ్లు పట్టి, గది మధ్యలో పెట్టి, షట్టరు దించి తన తాళం వేసుకుని ఊరికి పోతుంది. మర్నాడు పొద్దున్నే వచ్చి తాళం తీస్తుంది. చెంబులో నీళ్లు మెట్టు మీద పారబోస్తుంది. నాతో కొబ్బరికాయ కొట్టిస్తుంది. కొత్త కాగితం మీద సంతకం పెట్టి, "ఇప్పుడు నీది, పో లోపలికి" అంటుంది.

చెంబెందుకని మొదటిసారి అడిగాను.

"ఆ రాత్రి లోపల నా సామాను ఉండాల కదప్పా. ఊరికే తాళమేస్తే స్వాధీనం ఎట్లయితాది?"

స్వాధీనం అనే మాట ఆమె నోట్లో ఎప్పుడూ నానుతూనే ఉండేది. కూర్చోవడానికి స్టూలు ఇస్తే కూడా, ఇది నీ స్వాధీనంలోది, నాకొద్దని నేల మీదే కూర్చునేది.

ఆమె దగ్గర అంగడి తీసుకున్న రోజు నాకు బాగా గుర్తుంది. నా పాత అంగడి రోడ్డు వెడల్పులో పోయింది. గోతాల వ్యాపారమంటే పత్తి మార్కెట్టుకు దగ్గరలో ఉండాలి, రైతు బండి దిగి నాలుగడుగుల్లో రావాలి. అట్లాంటి చోట ఖాళీ గది ఉందని తెలిసి ఎమ్మిగనూరుకు పోయాను. ఆ గది ఆమెకు పుట్టింటివాళ్లు ఇచ్చింది. నాకంటే ముందు ఇద్దరు ముగ్గురు వచ్చి పోయారట. ఎవరికీ ఇవ్వలేదు. నేను పోయేసరికి ఆమె మగ్గం గుంట పక్కన కూర్చుని నూలు చిక్కు తీస్తోంది. అద్దె మాట్లాడలేదు, అడ్వాన్సు మాట్లాడలేదు. తల కూడా ఎత్తకుండా అడిగింది.

"ఖాళీ చెయ్యమంటే చేస్తావా?"

ఇంకా లోపల కాలు పెట్టలేదు, ఖాళీ మాటేమిటని నాకు మండింది. "చేస్తా. నేనేమన్నా దొంగనా?" అన్నాను. అప్పుడు తల ఎత్తి చూసింది. ముందొచ్చినవాళ్లందరూ ఆ ప్రశ్నకు నవ్వారట, నువ్వొక్కడివే కోపం చేసుకున్నావని చెప్పింది. అంగడి నాకిచ్చింది. ఆ ఒక్కమాట అన్నందుకు ఇన్నేళ్లు మూటలు దించి ఎక్కించాను.

నెలనెలా అద్దెకు ఆమె రావడమంటే తనిఖీకి వచ్చినట్టే. గోడలన్నీ వేలి మెటికలతో కొట్టి చూసేది. మేకులు చూసేది. "ఈ మేకు పోయినసారి లేదే" అనేది. ఉందంటే వినదు, లేదంటే పీకించేది. పీకితే చిల్లు మిగిలింది కదా, దాంట్లో సిమెంటు పూయించేది. ఒకసారి విసుగొచ్చి, మేకు కొడితే గోడ నాదైపోతుందా అక్కా అన్నాను. మేకుతోనే మొదలైతాది, తర్వాత అటక, ఆ తర్వాత వకీలు అంది.

చుట్టుపక్కల అంగళ్లవాళ్లు ఆమె బస్సు దిగిందంటే చాలు, నా వైపు చూసి నవ్వేవాళ్లు. పక్కన రెడీమేడ్ బట్టల అంగడాయన, "అన్నా, మీ జడ్జీ వస్తాంది" అని కేకేసేవాడు.

గోతాలను కూడా వదిలేది కాదు. ఆమెది నేత ఇల్లు. పేర్చిన కట్టలోంచి ఒక గోతం లాగి, రెండు వేళ్ల మధ్య నలిపి, వెలుతురుకు పట్టి చూసేది. "ఇది నేతనా, జల్లెడనా?" అనేది. రైతులు అక్కడే ఉంటారు. వాళ్ల ముందర నా సరుకు పరువు తీసేది. ఇది మిల్లులో నేసిందక్కా, నేను నేసింది కాదంటే, "నేసినోడు తప్పించుకున్న్యాడు, అమ్మేటోడు దొరికినాడు" అని తనే నవ్వుకునేది. ఒక రైతు ఆ మాట విని కట్ట కట్టంతా వెనక్కిచ్చి పోయాడు.

ఒక వానాకాలం కప్పు కారింది. గోతాలు తడిస్తే ఎందుకూ పనికిరావు, బూజు పడతాయి. ఫోను చేస్తే ఎత్తలేదు. నేనే మేస్త్రీని పిలిచి కప్పు మీద పూత వేయించాను. ఆ తర్వాత వచ్చి చూసి ఇంతెత్తున లేచింది. తననడగకుండా తన కప్పు ఎవరెక్కమన్నారని అడిగింది. నీ కప్పు బాగుచేసినందుకు నన్నే తిడతావా అని నేనూ అరిచాను. బాగు చేయించినవాడే రేపు కోర్టులో బిల్లు చూపించి ఈ అంగడి నేను కట్టించుకున్నానంటాడని, అట్లాంటివి తను చూసిందని చెప్పి, ఒక తెల్లకాగితం తెప్పించింది. ఈ పూత వల్ల నాకు అంగడి మీద ఏ హక్కూ రాదని నాచేతే రాయించుకుంది. నా రాత కోడి గీకినట్టుంటుంది. ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని రాస్తూ, లోపల్లోపల ఆమెను తిట్టుకున్నాను. మరుసటి నెల వచ్చినప్పుడు ఒక తువ్వాలు నా ఒళ్లోకి విసిరింది. వాళ్లింటి మగ్గం మీద నేసింది. దేనికిచ్చిందో చెప్పలేదు, నేను అడగలేదు. అది ఇప్పటికీ నా భుజం మీదే ఉంది. చిరుగు లేదు.

టీ సాయిబు బెంచీ గొడవ చెప్పకపోతే ఆమె సంగతి సగమే చెప్పినట్టు. అంగడి మెట్టు పక్కన సాయిబు ఒక బల్ల వేసుకుని టీ కాస్తాడు. నీడ కోసం ఒక బెంచీ జరిపి మెట్టు మీదకు వేశాడు. నాకేం అడ్డం లేదు, రైతులు కూర్చుంటారు, నాకూ బేరమే. ఆమె వచ్చి బెంచీ చూసింది. అగ్రిమెంటులో కిరాయికి కిరాయి ఇవ్వకూడదని ఉంది, అంటే నేను తీసుకున్నదాంట్లో ఇంకొకరికి చోటు ఇవ్వకూడదు. నువ్వు వీడికి అద్దెకిచ్చినావని నా మీద పడింది. నేను పైసా తీసుకోవడం లేదంటే నమ్మదు. చివరికి సాయిబే లేచాడు.

"అమ్మా, నేను ఎవుని కిరాయిదారూ కాదు, అల్లా కిరాయిదారు. ఆయన ఖాళీ చెయ్యమన్న్యాడంటే చేసి పోతాండాను" అన్నాడు.

ఆ మాటకు ఆమె మొహం మారింది. అయినా బెంచీ రెండు కాళ్లు మెట్టు కిందికి దింపించింది. బెంచీ వాలిపోయింది. ఆ వాలు బెంచీ మీదే కూర్చుని, జారకుండా ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో సాయిబు ఇచ్చిన టీ తాగింది. డబ్బులిచ్చే పోయింది. సాయిబు తర్వాత బెంచీ కాళ్ల కింద ఇటుకలు పెట్టుకున్నాడు. ఇప్పటికీ అట్లాగే ఉంది.

ఇంత పీడించే మనిషి దగ్గర ఎందుకున్నావని మా ఇంట్లో అడిగేవాళ్లు. చోటు మంచిదని చెప్పేవాణ్ణి. అదొక్కటే కాదు. ఒకసారి ఖాళీ చేసిన రోజున ఆమె రొట్టె తింటూ, ఏమనుకుందో ఏమో, గుమ్మం బయట నిలబడ్డ నన్ను చూసి తన మొగుడి సంగతి చెప్పింది. ఎమ్మిగనూరు బజారులో వాళ్లాయనకు ఒక అంగడి ఉండేది. తెలిసినవాడేనని ఒకడికి అద్దెకిచ్చాడు. అందరిలాగే, మనిషి లోపల ఉండగానే పదకొండు నెలల కాగితాలు మార్చుకుంటూ పోయారు. కొన్నేళ్లకు, మగ్గం మీద నేసినవి తనే అమ్ముకుందామని, అంగడి ఖాళీ చెయ్యమన్నాడు. వాడు చెయ్యనన్నాడు. నేనెప్పుడు బయటికి పోయినాను, మొదటి నుంచీ లోపలే ఉన్నాను కదా అన్నాడు. కేసు ఎమ్మిగనూరులో మొదలై ఆదోనికి వచ్చింది. వాయిదాకు వాయిదా. ఒకసారి వకీలు రాడు, ఒకసారి జడ్జీ మారతాడు, ఒకసారి కాగితం మీద స్టాంపు తక్కువంటారు. వాళ్లాయన నేత మానుకుని బస్సులో తిరిగాడు. కోర్టు వరండాలో ఈమె కూడా పక్కనే కూర్చునేది. కేసు తేలకముందే ఆయన పోయాడు.

"అంగడి పోతే పోనీ అనుకుంటి. మనిషిని తిన్న్యాది" అంది.

ఆ అంగట్లో వాడు ఇంకా ఉన్నాడట. ఆమె ఆ బజారు దారి తొక్కదట, చుట్టు తిరిగి పోతుందట. రొట్టె ముక్క చేతిలో పట్టుకుని మాట్లాడుతూ ఉండిపోయింది. నాకు ఓదార్చడం రాదు. చెంబులో నీళ్లు నింపి ఇచ్చాను. ఆ తర్వాత కూడా మూటలు దించడం మీద విసుక్కున్నాను గానీ, దించనని మాత్రం ఎప్పుడూ అనలేదు.

పదకొండు నెలల లెక్కలో ఖాళీ చేసే రోజు ఏటా ఒక నెల వెనక్కి జరుగుతుంది. ఒక ఏడు ఎండల్లో పడుతుంది, ఒక ఏడు వానల్లో. ఈసారి పత్తి మార్కెట్టు నిండుగా ఉన్నప్పుడు పడింది. పత్తికొండ వైపు నుంచి, ఆస్పరి వైపు నుంచి బండ్లు వరసకట్టి వస్తున్నాయి. నా బేరమంతా ఆ కొద్ది నెలలే. ఒక నెల ఆగక్కా, సీజను అయిపోగానే ఖాళీ చేస్తానని ఫోనులో బతిమాలినంత పని చేశాను. నేను ఎవరినీ బతిమాలను. ఆమె ఆగనంది. తన ఒంట్లో బాగుండటం లేదని, ఈ నెల దాటితే రాగలదో లేదోనని చెప్పింది. అట్లాగైతే అసలు రాకు, కాగితం పంపించు, సంతకం పెడతానన్నాను.

"కాయితం మీద ఖాళీ వేరేప్పా, అంగట్లో ఖాళీ వేరే. నాకు అంగట్లో ఖాళీ కావాల" అంది. ఫోను పెట్టేసింది.

వచ్చింది. బస్టాండు నుంచి నడవలేక ఆటోలో వచ్చింది, అది ఎప్పుడూ లేదు. గోడలు కొట్టి చూడలేదు. మేకుల వైపు చూసిందో లేదో. రొట్టె సగమే తిని మిగిలింది సాయిబు దగ్గర తిరిగే కుక్కకు వేసింది. చెంబు నింపి కింద పెట్టడానికి వంగలేకపోతే నేనందుకోబోయాను. నీ చేత్తో పెడితే నీ సామానైపోతాది అంది. తనే రెండు చేతులతో పట్టుకుని పెట్టింది. నేను మొహం చిట్లించుకునే ఉన్నాను. రోడ్డు మీద మూటలు, వాటి మధ్య నుంచి రైతులు, బండ్ల హారన్లు. తాళం వేసి, చెవి కొంగున ముడేసి, ఆటో ఎక్కుతూ నా వైపు చూసింది.

"ఇసుక్కుంటాండావు గానీ, చేసినావు కదా" అంది.

ఆమె నాతో అన్న చివరి మాట అదే. నేను బేరం చూసుకోవడానికి అటు తిరిగాను.

ఫోను వచ్చాక కొబ్బరికాయ సాయిబుకు ఇచ్చి, మూటలు చూస్తుండమని చెప్పి ఎమ్మిగనూరు బస్సెక్కాను. వాళ్లింట్లో మగ్గం పక్కన పడుకోబెట్టారు. మొహం ప్రశాంతంగా ఉంది. నిద్రపోతున్నట్టే ఉంది అని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది, కానీ ఆమెను చూస్తే నాకూ అట్లాగే అనిపించింది. గూడూరులో ఇచ్చిన కూతురు తలవైపు కూర్చుని ఉంది. మరిది కొడుకు వచ్చినవాళ్లను పలకరిస్తూ పెత్తనం చేస్తున్నాడు. నన్ను చూడగానే దగ్గరికొచ్చాడు.

"ఏమప్పా, తాళంచెవి కోసరం వచ్చినావా?"

పదిమంది విన్నారు.

"మనిషి కోసరం వచ్చినా. తాళం అంగడికే ఉంది, యాడికీ పోదు" అన్నాను.

వాడు ఊరుకోలేదు. అగ్రిమెంటు అయిపోయింది, సామాను బయటికి తీసుకున్నావు, ఇంక ఆ మాట మర్చిపో, సెల్‌ఫోన్ల షోరూమువాళ్లు ఆ గది అడుగుతున్నారని చెప్పాడు. శవం పక్కన అద్దె మాటలు మాట్లాడేవాడితో నాకు మాటలేమిటి. ఆమెకు దండం పెట్టి, సాగనంపేవరకు ఉండి, వచ్చేశాను. కొంగున ముడి వైపు నా చూపు పోలేదని అబద్ధం చెప్పను. పోయింది. ముడి లేదు. చెవి ఎవరి దగ్గరుందో తెలియదు. అడగలేదు.

ఆ తర్వాతి రోజులు ఎట్లా గడిచాయో చెబితే నాకే కోపం వస్తుంది. సీజను నడిబొడ్డున రోడ్డు మీద వ్యాపారం. పట్టలు అమ్మేవాణ్ణి పట్టల కిందే ఉన్నాను. మున్సిపాలిటీవాళ్లు వచ్చి మూటలు తీయమంటారు. యాడ పెట్టాలని అడిగితే, అంగడి ఉంది కదా, లోపల పెట్టుకో అంటారు. ఒక సాయంత్రం జల్లు పడితే సాయిబూ నేనూ కలిసి పట్టలు పట్టుకుని నిలబడ్డాం. మా ఇంట్లో అన్నం కూడా ప్రశాంతంగా తిననివ్వలేదు. ఈ వయసులో కొత్తగా ఇంకో చోట అంగడి పెట్టి, రైతులకు దారి నేర్పడం నావల్ల అయ్యేది కాదు. ఆ గది పోతే నా వ్యాపారం పోయినట్టే. అది అందరికీ తెలుసు, నాకూ తెలుసు.

కోర్టు దగ్గర వకీలును కలిశాను. అంతా విని తల పట్టుకున్నాడు. నీ అంతట నువ్వే స్వాధీనం అప్పజెప్పినావు, ఇప్పుడు నువ్వు అద్దెదారువే కావు, ఏ కోర్టుకు పోయి ఏమని చెప్పాలి అన్నాడు. ఊరంతా కాగితం మీద ఖాళీ చేస్తుంటే నిజంగా ఖాళీ చేసినవాణ్ణి నిన్నొక్కణ్ణే చూశానన్నాడు. అది మెచ్చుకోలు కాదు.

బట్టల అంగడాయన ఇంకో దారి చెప్పాడు.

"పగలగొట్టన్నా. ఒక్క దెబ్బ. లోపల కూచున్నోనిదే అంగడి. కోర్టు తేల్చేలోపల నీ మనవనికి మీసాలొస్తాయి."

ఆయన చెప్పింది అబద్ధం కాదు. అట్లా లోపల కూర్చున్నవాళ్లు మా బజారులోనే ఉన్నారు, గౌరవంగానే బతుకుతున్నారు. ఇనపరాడు కూడా తనే తెచ్చి ఇవ్వబోయాడు. నేను ముట్టుకోలేదు. అట్లా లోపల కూర్చున్న ఒకడి వల్లే కదా ఓనరమ్మ ఎమ్మిగనూరు బజారు దారి మానుకుంది. దొంగనా అని అడిగి తీసుకున్న అంగడి ఇది. తాళం పగలగొడితే ఆ మాటకు జవాబు నేనే చెప్పినట్టు. నా మీద నాకు కూడా విసుగొచ్చింది. ఇంత మంచితనం ఎవడు నేర్పాడురా నీకు అనుకున్నాను. మంచితనం కూడా కాదు, పొగరు. ఏదైతేనేం, తాళం అట్లాగే ఉండనిచ్చాను.

కర్మకాండ అయిపోయిన మరుసటి రోజు పొద్దున మరిది కొడుకు మోటారుసైకిల్ మీద దిగాడు. వెనకాల కారులో షోరూమువాళ్లు ఇద్దరు, చేతిలో కొలత టేపు. నన్ను పలకరించలేదు. వాళ్లకు షట్టరు చూపిస్తూ వెడల్పు సంగతి చెబుతున్నాడు. చెవి తీస్తాడేమోనని చూశాను. తీయలేదు. బస్టాండు వైపు చూస్తున్నాడు. కాసేపటికి కూతురు వచ్చింది, నడిచి. వాళ్లమ్మ నడక లాగే ఉంది, కొంచెం పక్కకు ఒరుగుతూ. చెవి ఆమె కొంగున ఉంది.

నన్నెప్పుడు చూసినా పెద్దగా మాట్లాడని మనిషి. ఆ రోజు నేరుగా నా దగ్గరికే వచ్చింది.

"ఖాళీ చేసినావా మామా?"

"చేసినా. నువ్వే చూసుకో."

తాళం తీసింది. షట్టరు నేనెత్తలేదు, ఆమే ఎత్తింది. ఊడ్చిన గది ఊడ్చినట్టే ఉంది. నడిమధ్యన చెంబు. షోరూమాయన టేపు లాగుతూ లోపలికి అడుగు వేయబోయాడు. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"లోపల మా యమ్మ సామాను ఉంది. కొలిచేదానికి లేదు."

మరిది కొడుకు నవ్వాడు. చెంబు సామానేంది అక్కా అన్నాడు. అద్దె మూడింతలిస్తామంటున్నారని, ముసలామె మొండితనం ఆమెతోనే పోనిమ్మని, పెద్ద కంపెనీ అని ఏవేవో చెప్పాడు. ఆమె ఓపికగా విన్నది. పెద్ద కంపెనీ ఖాళీ చెయ్యమంటే చేస్తాదా అని ఒక్కటే అడిగింది. షోరూమాయన తొమ్మిదేళ్లకు తగ్గకుండా రాసుకుంటామన్నాడు. మధ్యలో ఖాళీ చెయ్యడమనేది ఉండదన్నాడు. ఆయన సంగతి ఆయన నిజమే చెప్పాడు పాపం. అట్లయితే వేరే చోట చూసుకోండన్నా అని చెప్పింది. వాళ్లు కాసేపు గుసగుసలాడుకుని కారెక్కారు. మరిది కొడుకు నా వైపు చూసిన చూపుకు నేనూ అంతే చూపు చూశాను.

అందరూ పోయాక ఆమె గుమ్మంలో కూర్చుంది. సాయిబు టీ తెచ్చాడు. గ్లాసు చేతిలో పట్టుకుని, లోపల చెంబు వైపు చూస్తూ చెప్పింది.

"మా యమ్మకు నిద్ర పట్టదు మామా. మా నాయిన కేసు కానుంచీ అంతే. రాత్రంతా లేసి కూచుంటాది. ఖాళీ చేసిన రోజు మాత్రం నీ అంగడి చెవి దిండు కింద పెట్టుకోని పిలిచినా పలకనంత నిద్రపోతాది. ఏడాదికి అదొక్క రాత్రే. ఆ రాత్రీ అట్లనే పండుకున్న్యాది. పొద్దున లెయ్యలేదు."

మూటలు మోయడానికి వచ్చిన హమాలీల మీద, నిలబడి ఏం చూస్తున్నారని అరిచాను. వాళ్లు బిత్తరపోయారు.

ఆ రోజే మళ్లీ పదకొండు నెలల కాగితం రాసుకున్నాం. అయిపోయిన రోజు ఖాళీ చెయ్యాల మామా అంది. ఎప్పుడు చెయ్యలేదు చెప్పు అన్నాను. కొబ్బరికాయ కొట్టాను. నీళ్లు పారబోయాల్సిన పని ఆమెది. లోపలికి పోయి చెంబు ముందర వంగింది. చెయ్యి పెట్టింది, తీసేసింది. "ఉండనీ మామా" అని, చెవి నా చేతిలో పెట్టి బస్సుకు పోయింది.

అప్పటి నుంచి నాకు ఇదొక కొత్త పీడ. గది చూస్తే ఇరుకు, నడిమధ్యన చెంబు. మూటలన్నీ గోడవారగా పేర్చుకోవలసి వచ్చింది. హమాలీలు దాని చుట్టూ తిరిగి మోస్తున్నారు. కైరుప్పల రైతు ఒకాయన తన్నబోతే నేను వేసిన కేకకు గోతాలు కొనకుండానే పోయాడు. వకీలు ఒక రోజు టీకి వచ్చి అది చూశాడు. వాళ్ల వస్తువు లోపల పెట్టుకున్నావంటే రేపు స్వాధీనం మాదేనంటారు, తీసి బయటపెట్టమన్నాడు. అంటే అననీ, సగం వాళ్లదేలే అన్నాను. ఆయన టీ వదిలేసి పోయాడు.

నీళ్లు రోజురోజుకూ తగ్గుతున్నాయి. తగ్గిన కొద్దీ చెంబు లోపలివైపు గీతలు గీతలుగా తెల్లని చారలు మిగులుతున్నాయి. నేను నీళ్లు పోయలేదు, పారబోయనూ లేదు. నా చేత్తో ముడితే నా సామానైపోతుందని ఆమే చెప్పింది. ఇది పత్తి కాలం కదా, మార్కెట్టు నుంచి దూది పింజలు గాలికి ఎగిరి వస్తుంటాయి. మూటల మీద, నా తువ్వాలు మీద, అన్నిటి మీద పడతాయి. నిన్న ఒక పింజ పోయి ఆ నీళ్లలో వాలింది. బయట లారీ పోయినప్పుడల్లా చెంబు సన్నగా అదురుతుంది. పింజ నిదానంగా ఒక చుట్టు తిరిగి మళ్లీ ఆగుతుంది.